ఇన్వర్టర్ బ్యాటరీ: లోడు పడితేనే బయటపడే లోపాలు

విద్యుత్ సరఫరా ఆగిన మరుక్షణం నుంచి ఇంట్లోని ఫ్యాన్లనూ లైట్లనూ నడిపించే ఇన్వర్టర్ వ్యవస్థలో మూడు భాగాలుంటాయి. శక్తిని రసాయన రూపంలో నిల్వ ఉంచే బ్యాటరీ ఒకటి, బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చే ఇన్వర్టర్ పెట్టె రెండవది, ఈ రెంటినీ కలిపే మందపాటి తీగలూ వాటి కొసలనున్న బిగింపులూ మూడవది. మొదటి రెంటి ధర, సామర్థ్యం, వారంటీ గురించి కొనేవారు ఎంతో కొంత విచారిస్తారు గానీ మూడవదాన్ని పట్టించుకునేవారు అరుదు. పైగా సంవత్సరంలో ఎక్కువ కాలం ఈ వ్యవస్థకు పనే ఉండదు కనుక, లోపం ఎక్కడ మొదలైనా అది లోడు పడేదాకా కనబడదు. కనబడే సమయానికి ఇల్లు చీకటిగా ఉంటుంది, బ్యాటరీ పోయిందనే తీర్పు వెంటనే వెలువడుతుంది. ఆ తీర్పు కొన్నిసార్లు నిజమే అయినా, తీర్పుకు ముందు జరగవలసిన విచారణ చాలా ఇళ్లలో జరగదు.

తెలుగు ప్రాంతాల్లో ఈ పరిస్థితికి ఒక నేపథ్యం ఉంది. 2012–13 ప్రాంతంలో గంటల తరబడి సాగిన కరెంటు కోతల వల్లనే ఇన్వర్టర్ మధ్యతరగతి ఇంటి సామానులో భాగమైంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ దేశంలోని మిగతా గ్రిడ్‌తో కలిసింది. ఆ తరువాతి సంవత్సరాల్లో కోతలు బాగా తగ్గాయి. రోజూ ఖాళీ అయి మళ్లీ నిండుతుండిన బ్యాటరీ ఇప్పుడు నెలల తరబడి నిండుగానే ఉండి చార్జరుకు అతుక్కుని గడుపుతోంది. పని ఎక్కువైతే అరిగే భాగాలు వేరు, పని లేకపోతే పాడయ్యే భాగాలు వేరు. నేటి ఫిర్యాదుల్లో అధిక భాగం ఈ రెండో రకానికి చెందినవే.

లోపాన్ని గుర్తించడానికి బ్యాటరీలోని రసాయనశాస్త్రం కొంత తెలియాలి. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో రూపొందించిన సీసపు బ్యాటరీయే మూలసూత్రంలో ఏ మార్పూ లేకుండా నేటికీ ఇళ్లలో వాడుకలో ఉంది. ధన పలకల మీద సీసపు డయాక్సైడ్, రుణ పలకల మీద గుల్లగా ఉండే సీసం, వాటి నడుమ నీరు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. బ్యాటరీ శక్తినిచ్చేటప్పుడు రెండు రకాల పలకల మీదా సీసపు సల్ఫేట్ ఏర్పడుతుంది, ఆమ్లం ఖర్చవుతుంది, నీరు పుడుతుంది; చార్జింగ్‌లో ఇదంతా వెనక్కి తిరుగుతుంది. ఇలాంటి ఒక్కొక్క గది, అంటే సెల్, దాదాపు 2 వోల్టులిస్తుంది కనుక 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్‌లూ, వాటికి ఆరు మూతలూ ఉంటాయి. ఆమ్లం ఖర్చయ్యేకొద్దీ ద్రవం పలచబడుతుంది కాబట్టి, ఆ ద్రవం నీటికంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే విశిష్ట సాంద్రతను బట్టి సెల్ ఎంత నిండి ఉందో చెప్పవచ్చు. ఇళ్లలో వాడే ట్యూబ్యులర్ బ్యాటరీలు, అంటే ధన పలకలోని పదార్థాన్ని సన్నని గొట్టాల్లో కూరి తయారుచేసేవి, పూర్తిగా నిండినప్పుడు ఈ విలువ సాధారణంగా 1.240 ప్రాంతంలో ఉంటుంది. దానికి 0.84 కలిపితే, విరామంలో ఉన్న సెల్ వోల్టేజీ ఇంచుమించుగా వస్తుంది. ఆ లెక్కన 2.08 వోల్టుల చొప్పున ఆరు సెల్‌లకు సుమారు 12.5 వోల్టులు రావాలి.

మల్టీమీటర్ పెట్టగానే 12.5 కనిపించింది కాబట్టి బ్యాటరీ బాగుందనుకోవడం పొరపాటు. విరామంలోని వోల్టేజీ ఆమ్లం ఎంత చిక్కగా ఉందో చెబుతుంది తప్ప, పలకల్లో పనిచేసే పదార్థం ఎంత మిగిలిందో చెప్పదు. సగం పలకలు అట్టకట్టి నిరుపయోగమైన బ్యాటరీ కూడా విరామంలో నిండైన వోల్టేజీనే చూపగలదు. చార్జింగ్ ఆపిన వెంటనే కొలిస్తే, పలకల ఉపరితలం మీది తాత్కాలికమైన చార్జి వల్ల 13 వోల్టులు కూడా కనిపించవచ్చు. అందువల్ల అసలైన పరీక్ష లోడు మీదనే చేయాలి. బ్యాటరీ పూర్తిగా నిండాక ఇన్వర్టర్‌కు వచ్చే సరఫరాను ఆపి, రెండు మూడు ఫ్యాన్లు, కొన్ని లైట్లు వేసి, టెర్మినళ్ల దగ్గర కొన్ని నిమిషాలకొకసారి వోల్టేజీ చూడాలి. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ మొదట కొద్దిగా దిగి, తరువాత గంటల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది. పది పదిహేను నిమిషాల్లోనే 11 వోల్టుల దిగువకు జారే బ్యాటరీలో నిల్వ లేనట్టే. సాధారణ ఇన్వర్టర్లు 10.5 వోల్టుల దగ్గర, అంటే సెల్‌కు 1.75 వోల్టుల దగ్గర, పలకలను కాపాడటానికి తమంతట తామే ఆగిపోతాయి.

అయితే ఈ పరీక్షను రెండు చోట్ల చేయాలి: బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర ఒకసారి, ఆ తీగలు ఇన్వర్టర్‌లో ప్రవేశించే చోట ఇంకొకసారి. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క విషయమే గుర్తుంచుకోదగినదైతే అది ఇదే. 400 వాట్ల లోడుకు 230 వోల్టుల వైపున రెండు ఆంపియర్లకన్నా తక్కువ ప్రవాహం చాలు. అదే లోడుకు 12 వోల్టుల వైపున, ఇన్వర్టర్‌లోని నష్టాలను కూడా కలుపుకుంటే, దాదాపు 40 ఆంపియర్లు కావాలి. సరిగా బిగించని బోల్టు దగ్గరో, తుప్పు పట్టిన లగ్గు దగ్గరో, అంటే తీగ కొసనున్న లోహపు చెవి దగ్గరో, ఓములో యాభయ్యో వంతు నిరోధం ఉందనుకుంటే, 40 ఆంపియర్ల వద్ద అక్కడే 0.8 వోల్టు నష్టమవుతుంది, 32 వాట్ల శక్తి వేడిగా మారుతుంది. అంటే బ్యాటరీ 11.3 వోల్టుల వద్ద ఇంకా కొంత నిల్వతో ఉండగానే ఇన్వర్టర్‌కు 10.5 మాత్రమే కనిపించి, బ్యాటరీ ఖాళీ అయిందని ఆగిపోతుంది. ఇంటివారికి బ్యాకప్ తగ్గినట్టు తెలుస్తుంది, దుకాణదారు కొత్త బ్యాటరీ చూపిస్తాడు. కొత్త బ్యాటరీ బిగించేటప్పుడు లగ్గును గీకి శుభ్రం చేస్తారు కనుక సమస్య తీరిపోతుంది, నేరం పాత బ్యాటరీ మీద మిగిలిపోతుంది.

ఈ లోపాన్ని పట్టడానికి మీటరు ఒక కొసను బ్యాటరీ సీసపు దిమ్మ మీదా, రెండో కొసను దానికి బిగించిన లగ్గు మీదా ఆనించి, లోడు ఉండగా చూస్తే చాలు. అక్కడ ఏమీ చూపకపోతే బిగింపు బాగున్నట్టు, వోల్టులో పదోవంతు దాటితే విప్పి చూడవలసినట్టు. మీటరు లేనిచోట కంటికి కనిపించే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఆమ్లపు ఆవిరి రాగితో కలిసి నీలిపచ్చటి పొడిగానూ, సీసంతో కలిసి తెల్లటి పొడిగానూ పేరుకుంటుంది. వేడెక్కిన బిగింపు పక్కన తీగ మీది ప్లాస్టిక్ తొడుగు గట్టిపడి రంగు మారుతుంది. శుభ్రం చేయదలచినవారు ముందు ఇన్వర్టర్‌కు వచ్చే సరఫరాను, ఇన్వర్టర్ స్విచ్చిని ఆపి, చేతి గాజులూ ఉంగరాలూ తీసి, రుణ టెర్మినల్ తీగను మొదట విప్పాలి. స్పానర్ ఒకేసారి రెండు టెర్మినళ్లనూ తాకితే వందల ఆంపియర్ల ప్రవాహంతో అది అక్కడికక్కడే ఎర్రగా కాలుతుంది. వంట సోడా కలిపిన నీటితో తుడిస్తే ఆమ్లం తటస్థమై నురగ వస్తుంది, ఆ నీరు మాత్రం సెల్‌లలోకి పోకూడదు. ఆరిన తరువాత బిగించి, బిగించిన పైన వాజలీన్ పూయాలి. లగ్గుకూ దిమ్మకూ నడుమ పూసి బిగించేవారున్నారు. రావలసిన రక్షణ గాలి తగిలే పైభాగానికే కాబట్టి ఆ అలవాటు వల్ల ప్రయోజనం లేదు.

బ్యాటరీ, బిగింపులు రెండూ బాగుండి కూడా బ్యాకప్ రాకపోతే, బ్యాటరీ అసలు నిండుతున్నదా అనేది తరువాతి ప్రశ్న. ఇన్వర్టర్ వెనుక ఉండే చిన్న ఫ్యూజు కాలిపోయినా, నొక్కితే తిరిగి పనిచేసే మీట ట్రిప్ అయినా చార్జింగ్ ఆగిపోతుంది. కొన్ని నమూనాల్లో ఇంట్లోని లైట్లు మామూలుగానే వెలుగుతుండటంతో ఆ సంగతి వారాల తరబడి బయటపడదు. చార్జింగ్ సమయంలో టెర్మినళ్ల మధ్య వోల్టేజీ క్రమంగా పెరిగి 14 దాటి, నిండాక 13.5–13.8 దగ్గర నిలబడాలి, 12.4 దగ్గరే కదలకుండా ఉంటే చార్జరు పనిచేయడం లేదని అర్థం. 150 ఆంపియర్‌ అవర్ల బ్యాటరీకి 15 ఆంపియర్ల చార్జింగ్ ప్రవాహం మామూలు కాబట్టి, పూర్తిగా ఖాళీ అయినది నిండడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. రోజుకు నాలుగు దఫాలు కోతలున్నచోట అది ఎన్నడూ పూర్తిగా నిండకపోవచ్చు.

పల్లెల్లో, ముఖ్యంగా ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా లైను చివరనున్న ఇళ్లలో, ఇంకో రకం ఇబ్బంది కనబడుతుంది. మోటార్లు నడిచే వేళ వోల్టేజీ 170కి దిగితే, యూపీఎస్ మోడ్‌లో పెట్టిన ఇన్వర్టర్ దాన్ని కరెంటు పోయినట్టుగానే లెక్కవేసి బ్యాటరీ మీదకు మారుతుంది. ఆ మోడ్ కంప్యూటర్ల కోసం ఉద్దేశించినది కనుక సుమారు 180 వోల్టుల దిగువన సరఫరాను అంగీకరించదు. పక్కింట్లో కరెంటు ఉండగా ఈ ఇంట్లో బ్యాటరీ ఖర్చవుతుంటుంది. వోల్టేజీ ఆ హద్దు దగ్గరే ఊగుతుంటే లోపలి రిలే టక్ టక్ మని మారుతూనే ఉంటుంది. వెనుకనున్న మీటను మామూలు మోడ్‌కు మార్చితే వంద వోల్టుల దాకా దిగినా అది సరఫరానే వాడుకుంటుంది కాబట్టి, ఏ భాగమూ మార్చకుండానే ఈ సమస్య తీరుతుంది. దానికి బదులుగా మార్పిడి సమయం పెరుగుతుంది. మామూలు కంప్యూటర్ సరఫరా లేకుండా 15–20 మిల్లీ సెకన్లకు మించి తాళలేదు కనుక కరెంటు పోయిన ప్రతిసారీ అది ఆగి మళ్లీ మొదలవుతుంది.

నీటి విషయంలో పొరపాట్లు రెండు వైపులా జరుగుతాయి. నిండిన బ్యాటరీలోకి ఇంకా పోయే ప్రవాహం నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొడుతుంది. ఒక ఆంపియర్‌ అవర్ ఇలా ఖర్చయితే ఒక్కొక్క సెల్‌లో 0.336 గ్రాము, ఆరు సెల్‌లలో కలిపి 2 గ్రాముల నీరు పోతుంది. నిండిన బ్యాటరీలోకి రేయింబవళ్లు 0.2 ఆంపియర్ మాత్రమే పోతున్నదనుకున్నా రోజుకు దాదాపు 10 గ్రాములు, మూడు నెలల్లో ముప్పావు లీటరుకు పైగా తగ్గుతుంది. కరెంటు పోని ఇంట్లో కూడా నీళ్లు పోయవలసి రావడానికి కారణం ఇదే. పోయవలసినది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీటిలోని క్లోరైడ్లు, ఇనుము పలకలను తినివేస్తాయి, ఇంటి ఆర్‌ఓ నీటిలో కూడా కొంత లవణం మిగిలే ఉంటుంది. పలకల పైభాగం ద్రవం బయటికి తేలితే ఆ భాగం శాశ్వతంగా పాడవుతుంది. నీటి మట్టాన్ని చూపే ఫ్లోట్ మీది గీతను మించి పోస్తే చార్జింగ్‌లో ద్రవం ఉబ్బి మూతలనుంచి పొంగి, ఆమ్లం బయటపడుతుంది. కొందరు మెకానిక్‌లు నీటికి బదులు ఆమ్లమే పోస్తారు. ఆవిరైనది నీరు మాత్రమే, ఆమ్లం లోపలే ఉంది. పైనుంచి ఇంకొంత ఆమ్లం చేరిస్తే సాంద్రత రీడింగు కొద్దిరోజులు ముచ్చటగా కనిపించి, పలకల ఆయువు తగ్గిపోతుంది.

ఆమ్లపు సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ ఖరీదు తక్కువ, ఉపయోగం ఎక్కువ. నీరు పోసిన వెంటనే కాకుండా, కొంత చార్జింగ్ జరిగి ద్రవం కలిసిన తరువాత ఆరు సెల్‌లలోనూ కొలిచి, వాటిని ఒకదానితో ఒకటి పోల్చాలి. ఆరూ 1.160 దగ్గర ఉంటే బ్యాటరీ నిండలేదు, లోపాన్ని చార్జింగ్‌లో వెతకాలి. ఐదు 1.240 దగ్గరుండి ఒకటి మాత్రం 1.120 చూపితే ఆ సెల్ చెడిపోయినట్టే. పలకలనుంచి రాలిన పొడి అడుగున పేరుకుని రెండు పలకలను కలిపివేయడం దీనికి తరచుగా కారణమవుతుంది. అప్పుడు విరామ వోల్టేజీ 12.5 నుంచి ఒక సెల్ వంతు తగ్గి 10.4 దగ్గర నిలుస్తుంది. ఈ లోపం బ్యాకప్‌ను తగ్గించి ఊరుకోదు. ఆరు సెల్‌ల కోసం 13.8 వోల్టులు పంపే చార్జరుకు ఐదు సెల్‌లే మిగిలితే ఒక్కొక్కదానికి 2.76 వోల్టులు పడతాయి. వాయువులు జోరుగా వెలువడటం 2.4 వోల్టుల ప్రాంతంలోనే మొదలవుతుంది కనుక మిగిలిన ఐదూ ఉడికినట్టు బుడగలు కక్కుతాయి, బ్యాటరీ పక్కలు ఉబ్బుతాయి, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుది. కిటికీలు తెరిచి, బ్యాటరీకి దూరంగా ఉన్న ఎంసీబీ దగ్గర సరఫరా ఆపివేయడమే అప్పుడు చేయవలసిన పని. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరినా నిప్పురవ్వతో పేలుతుంది కాబట్టి, పూజగది గోడ పక్కన అగరుబత్తులకూ దీపానికీ చేరువగా బ్యాటరీ పెట్టే అలవాటు ఎంతమాత్రం మంచిది కాదు.

పనిలేని బ్యాటరీకీ, ఖాళీ చేసి వదిలేసిన బ్యాటరీకీ పట్టే ప్రధాన రోగం సల్ఫేషన్. పలకల మీద కొత్తగా ఏర్పడిన సీసపు సల్ఫేట్ సన్నని రేణువులుగా ఉండి చార్జింగ్‌లో సులభంగా కరుగుతుంది. రోజుల తరబడి అలాగే ఉంటే అది పెద్ద స్ఫటికాలుగా గట్టిపడి, మళ్లీ మారకుండా పలకను కప్పేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకిన తరువాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి సందర్భాల్లో మొదటి రాత్రే ఖాళీ అయిన బ్యాటరీ నిండే అవకాశం లేక ఈ స్థితికి చేరుతుంది. ఊరికి వెళ్లేవారు సరఫరా ఆపి ఇన్వర్టర్‌ను మాత్రం ఆన్‌లో వదిలేసినా ఇదే జరుగుతుంది. సల్ఫేట్ ఇంకా ముదరకముందు తక్కువ ప్రవాహంతో ఎక్కువసేపు చార్జి చేస్తే కొంత సామర్థ్యం తిరిగి వస్తుంది. ముదిరినదానికి మందు లేదు. సెల్‌లలో వేస్తే పాత బ్యాటరీ కొత్తదవుతుందని పొడులు అమ్మేవారు ఎప్పుడూ ఉన్నారు. సోడియం, మెగ్నీషియం సల్ఫేట్లతో చేసిన ఏడీ–ఎక్స్2 అనే అలాంటి పొడి వల్ల అమెరికాలో పెద్ద రాజకీయ దుమారమే లేచింది. అది పనికిరానిదని అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థ తేల్చినందుకు దాని అధిపతి అలెన్ ఆస్టిన్‌ను 1953లో వాణిజ్య మంత్రి ఆ పదవినుంచి తప్పించబోగా, శాస్త్రవేత్తలు తిరగబడటంతో ఆయనను కొనసాగించవలసి వచ్చింది. జాతీయ విజ్ఞాన అకాడమీ సంఘం కూడా తరువాత ఆ పొడి నిష్ప్రయోజనమనే నిర్ధారించింది.

వేడి చేసే నష్టం నెమ్మదిగానూ నిశ్చయంగానూ ఉంటుంది. మన దేశంలో బ్యాటరీ సామర్థ్యాన్ని 27 డిగ్రీల సెల్సియస్ వద్ద లెక్కిస్తారు. అంతకు మించి ప్రతి పది డిగ్రీలకూ ఆయువు దాదాపు సగమవుతుందనేది ఇంజనీర్ల స్థూల లెక్క. రామగుండంలోనో రెంటచింతలలోనో వేసవిలో మెట్ల కింద గాలి ఆడని అరలో పెట్టిన బ్యాటరీకి, నేల మీద నీడపట్టున ఉన్న బ్యాటరీకి ఉండే తేడా దీన్ని బట్టి ఊహించవచ్చు.

కొన్ని ఫిర్యాదుల్లో లోపమే ఉండదు, లెక్క తప్పుతుంది. 150 ఆంపియర్‌ అవర్లను 12తో గుణిస్తే 1800 వాట్ అవర్లు. అందులో 80 శాతం వాడుకుని, మార్పిడిలో 15 శాతం పోగొట్టుకుంటే మిగిలేది 1224. మూడు పాత రకం ఫ్యాన్లకు 225, నాలుగు ఎల్‌ఈడీ బల్బులకు 40, టీవీకి 80, రౌటర్‌కు 10 వాట్ల చొప్పున వేస్తే మూడు గంటల ఇరవై నిమిషాలకు పైగా రావాలి. వాస్తవంలో అంత రాదు. 150 అనే అంకె 20 గంటల పాటు 7.5 ఆంపియర్ల చొప్పున నిదానంగా వాడినప్పటిది, ఇక్కడ వాడుతున్నది 35 ఆంపియర్లు. వేగంగా వాడేకొద్దీ దొరికే మొత్తం తగ్గుతుందని జర్మన్ శాస్త్రవేత్త పాయ్‌కర్ట్ 1897లోనే సూత్రీకరించాడు. అందుకే మూడు ఫ్యాన్లనూ 30 వాట్లతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లుగా మారిస్తే, లోడు తగ్గిన నిష్పత్తికంటే కొంచెం ఎక్కువగానే సమయం పెరుగుతుంది.

వైరింగులోని లోపాలు బ్యాటరీకి సంబంధించనివే అయినా నిందను అదే మోస్తుంది. ఇన్వర్టర్ సర్క్యూట్ న్యూట్రల్‌ను ఇంటిలోని ఇతర సర్క్యూట్ల న్యూట్రల్‌తో కలిపేస్తే, ఒక దారిన వెళ్లిన ప్రవాహం మరో దారిన తిరిగి వస్తుంది. వెళ్లినదీ వచ్చినదీ సమానమా అని కాపలా కాసే ఆర్‌సీసీబీ ఆ తేడాను లీకేజీగా భావించి ట్రిప్ అవుతుంది. ఫ్యాన్లు ఇన్వర్టర్ మీద మాత్రమే గురగురలాడితే అది చదరపు తరంగమిచ్చే చౌక నమూనా లక్షణం, సైన్ తరంగమిచ్చేదానితోనే పోతుంది. ఇన్వర్టర్ ఒక్కసారిగా మూగబోతే, వెచ్చదనానికి లోపల దూరిన బల్లి బోర్డు మీద షార్ట్ కావడమూ కారణం కావచ్చు; ఆ పెట్టె విప్పడం మెకానిక్ పని.

24 వోల్టుల ఇన్వర్టర్లలో రెండు బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి కనుక మొత్తం వోల్టేజీ ఒక్కటే చూస్తే మోసపోతారు: 27.2 అని కనిపించేది ఒకదానిలో 14.6, రెండోదానిలో 12.6 కావచ్చు, అప్పుడు ఒకటి ఉడుకుతుంటుంది, ఇంకొకటి ఆకలితో ఉంటుంది. ఒకటి చెడినప్పుడు దాన్నొక్కదాన్నే మార్చితే కొత్తదీ పాతదీ ఇలాగే విడిపోతాయి కాబట్టి రెంటినీ కలిపి మార్చడమే సరైనది. లిథియం బ్యాటరీలతో ఉన్న చిక్కు వేరు. అందులోని రక్షణ సర్క్యూట్ అతిగా ఖాళీ కాకుండా తలుపు మూసేస్తే టెర్మినళ్ల వద్ద మీటరు సున్నా చూపుతుంది. సెల్‌లు చావలేదు, తగిన చార్జరు తగిలిస్తే చాలావాటిలో ఆ తలుపు తిరిగి తెరుచుకుంటుంది. ఇక పనికిరాని సీసపు బ్యాటరీ విషయానికొస్తే, దాని బరువులో సగానికి పైగా సీసమూ సీసపు సమ్మేళనాలే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులది. ఆమ్లాన్ని మురుగుకాల్వలో వంపి పలకలను విడిగా తూకానికి తీసుకునేవారికి కాకుండా, కొత్తది అమ్మే దుకాణానికి విప్పకుండా మొత్తం బ్యాటరీగానే అప్పగిస్తే దాని విలువ కొత్తదాని ధరలో తగ్గుతుంది.